చంద్రుడి లెక్క, సొరంగం లెక్క

అందరికి నమస్కారం. ఎండల పడి వచ్చిన పెద్దలకు శనార్థులు.

నాకిచ్చిన అంశం ‘అంతరిక్షానికి ప్రజల సొమ్ము పెట్టుడు సబబేనా’ అని. వేరే కాడ ఇది వక్తృత్వ పోటీల అంశం. నల్లగొండల కాదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగంగనే టీవీ ముందర చప్పట్లు కొట్టింది మనమే. తెల్లారి చాయ్ తాగుకుంట ‘చంద్రుని మీద నీళ్లు దేవులాడెటోళ్లకు మా బోర్ల నీళ్లు కనవడయా’ అన్నది కూడ మనమే. ఆ రెండో మాటను ఎగతాళి కింద కొట్టిపారెయ్యొద్దు. దానికి జవాబు బాకీ ఉన్నది.

ముందుగాల పైసల లెక్క. 2025-26 కేంద్ర బడ్జెట్‌ల అంతరిక్ష శాఖకు పెట్టింది సుమారు 13,416 కోట్లు. మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అంటే కేంద్రం ఖర్చు పెట్టే 100 రూపాయలల్ల 27 పైసలు కూడ కాదు. చంద్రయాన్-3కు అయింది దాదాపు 615 కోట్లు. మన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015ల ఇచ్చిన అనుమతి 35,200 కోట్లకు. ఆ ఒక్క ఎత్తిపోతల సొమ్ముతోటి చంద్రుని మీదికి యాభై సార్లకు పైనే పోయి రావచ్చు.

అట్లని ‘సినిమా బడ్జెట్ కన్నా తక్కువల చంద్రుని మీదికి పోయినం’ అని ఫోన్లల్ల తిప్పుతరు సూడుండ్రి, ఆ వాదన నాకు నచ్చది. సినిమా ఆడకపోతే నిర్మాత మునుగుతడు. ఇది సబ్బు బిళ్ల మీద పన్ను కట్టే కూలి మనిషి సొమ్ము. చవకగ అయిందంటే సబబుగ అయినట్టు కాదు.

ఈ పంచాయితీ మనతోనే మొదలు కాలే. 1969 జులైల, మనుషులను మొదటిసారి చంద్రుని మీద దించిన అపోలో-11 ఎగిరే ముందర, మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నాతీ పేద నల్లజాతి కుటుంబాలను ఎంటవెట్టుకొని, కంచరగాడిదల బండ్లతోటి ఫ్లోరిడాల ప్రయోగ కేంద్రం కాడికి పోయిండు. నాసా పెద్ద థామస్ పెయిన్ బయటికొచ్చి మాట్లాడిండు. రేపు మేం మీట నొక్కకుంటే పేదరికం పోతదంటే నొక్కనే నొక్కమన్నడు. ఆనాడు నాసా వాటా మన 27 పైసల అసొంటిది కాదు, 1966ల అమెరికా బడ్జెట్‌ల 4 శాతం దాటింది. గందుకే అబర్నాతీ అడిగింది న్యాయమే అంట నేను. అయితే పెయిన్ మాట కూడ అబద్ధం కాలే. తర్వాత అపోలో 18, 19, 20 రద్దయినయి. మిగిలిన సొమ్ము ఆ బండ్ల మీద వచ్చినోళ్ల ఇండ్లకు నడిచిపోలే.

ఇగ మన గడ్డ సంగతి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పేదేముంది. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. మన బండల నుంచి ఊరే నీళ్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. ముందు పిల్లల పండ్ల మీద గోధుమరంగు గీతలు పడ్తయి. తర్వాత కాళ్లు వంకర పోతయి. నడీడు దాటినంక మెడ తిరగది, వెనక నుంచి పిలిస్తే మనిషి పెయ్యి మొత్తం తిప్పి చూస్తడు.

దీనికి ఉపాయం 1970లల్లనే దొరికింది. నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి కనిపెట్టిన్రు. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. మన ఊరి పేరు ఆఫ్రికాల టాంజానియా దాక పోయింది. పటిక మంగలి షాపుల దొరికే సరుకు. కాకపోతే రోజూ నీళ్లు పరీక్ష చేసి మోతాదు వెయ్యాలె, అడుగున పేరే బురద ఎత్తి పొయ్యాలె. అంటే ఊరికొక మనిషిని జీతమిచ్చి పెట్టాలె. ఆ మనిషి కాడనే ఆగింది కథ. చివరికి 1996 పార్లమెంటు ఎన్నికలల్ల నీళ్ల కోసం నల్లగొండ నుంచి 480 మంది నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వెనుకకు జరిగింది. చంద్రయాన్-1 ఎగిరింది 2008ల. చంద్రుని మీద ఈ దేశం రూపాయి పెట్టని కాలంల కూడ మనకు నీళ్లు రాలే. గది యాదిల పెట్టుకోండ్రి.

మన నల్లగొండకు కృష్ణా నీళ్లు తెచ్చెటందుకు మొదలువెట్టిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం చూడుండ్రి. దాదాపు 44 కిలోమీటర్లు. టెండర్లై రెండు దశాబ్దాలు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు పైకప్పు కూలితే ఎనిమిది మంది లోపల చిక్కిన్రు, ఒక్కరు బతికి రాలే. అందరు దూరపు రాష్ట్రాల నుంచి పనికొచ్చినోళ్లు. మన పాలమూరు మనిషి బొంబాయికి పోయి బిల్డింగులు కడ్తడు, మన సొరంగం తవ్వను జార్ఖండ్ మనిషి వస్తడు. 2019ల చంద్రయాన్-2 ల్యాండర్ కూలితే దేశం మొత్తం ఎందుకు కూలిందని అడిగింది, నాలుగేండ్లల్ల జవాబొచ్చింది. సొరంగాన్ని ఎవరడిగిన్రు, ఇన్నేండ్లు?

మరి అంతరిక్షం మనకేమిచ్చింది? తుఫాను హెచ్చరికల సంగతి అందరికి ఎరికే. నేను షాద్‌నగర్ ముచ్చట చెప్త. 2016 దాక అది మహబూబ్‌నగర్ జిల్లనే. నేలను చూసే మన ఉపగ్రహాల చిత్రాలు దిగేది అక్కడి యాంటెన్నాలకు. ఆ చిత్రాలతోటే దేశానికి భూగర్భజల పటాలు తయారైనయి.

మన దగ్గర బోరు పాయింటు ఎట్ల పెడ్తరు? అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని చెల్కల నడుస్తరు. కాయ లేచి నిలబడ్డ కాడ గుర్తు. రిగ్గు వస్తది. 300 ఫీట్లు, 400 ఫీట్లు, తెల్ల దుమ్ము లేస్తనే ఉంటది, రైతు గట్టు మీద కూసొని ఫీట్లు లెక్కవెడ్తనే ఉంటడు. ఉపగ్రహం భూమి లోపలి బోరు నీళ్లను చూస్తదనుకునేరు, చూడది. బండ పగుళ్లు ఏ దిక్కు పోయినయి, పాత వాగు ఎక్కడ పారింది, నల్లరాతి కట్ట ఎక్కడ అడ్డం పడ్డది, అది చూపిస్తది. దాన్ని పట్టుకొని జియాలజిస్టు చెల్కల దిగి కొలిస్తే ఎండు బోర్లు తగ్గుతయి. పటం ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్‌ల ఉన్నది, రైతు కొబ్బరికాయ కాడ ఉన్నడు. నడుమ మనిషి లేడు, మళ్ల అదే మనిషి. పైగా ఆ పడ్డ నీళ్లు తాగేటియా, ఫ్లోరైడ్‌యా అన్నది సీసాల పట్టి పరీక్ష చేస్తేనే తెలుస్తది.

నాసా, మన ఇస్రో కలిసి చేసి 2025 జులై 30న పంపిన నైసార్ ఉపగ్రహంల మన వాటా 788 కోట్లు. మబ్బున్నా చీకటున్నా 12 రోజులకోసారి నేలను కొలుస్తది, తేమ ఎంత, ఎక్కడ కుంగుతున్నది అని. ఇసొంటి వాటికి నేను రెండో మాట లేకుండ సరే అంట. చంద్రయాన్-1కు కూడ సరే అంట. 386 కోట్లల్ల చంద్రుని మీద నీటి అణువుల జాడ పట్టిన్రు, అది అసలు సిసలు విజ్ఞానం.

మనుషులను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కు మాత్రం అంత తొందరగ తల ఊపను. అంతరిక్ష కేంద్రం మొదటి భాగంతోటి కలిపి 2024ల దాన్ని 20,193 కోట్లకు పెంచిన్రు. మనిషిని పంపుడంటే గాలి, నీళ్లు, తిండి, ప్రాణానికి పూచీ, అన్నీ మోసుకపోవాలె. సొమ్ముల పెద్ద పాలు విజ్ఞానానికి కాదు, మనిషిని బతికించెటందుకే పోతది. మన అంతరిక్ష పనికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ 1960లల్లనే చెప్పిండు, చంద్రుడు, గ్రహాలు, మనుషుల ప్రయాణాలల్ల ధనిక దేశాలతోటి పోటీపడే భ్రమ మాకు లేదని. ఆయన ఫొటోకు దండలేసెటోళ్లు ఈ మాట చదవరు. దేశం పెరిగింది, అప్పటి మాట ఇప్పుడు చెల్లదంటరా? కావచ్చు. అయితే ఆ మారిన మాటను జనం ముందర వాదించి గెల్వాలె, కేబినెట్ ఆమోదం అని పేపర్ల చదువుకునుడు కాదు.

ఇటు చూస్తే 2025 జనవరిల పోయిన దిక్సూచి ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 తన కక్ష్యకు చేరలే. మే 18న పీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఫెయిలై నేలను చూసే ఉపగ్రహం పోయింది. ముందు ఈ పనులు సక్కగ కావాలె. ఫెయిలైన ప్రతిదానికి పూర్తి రిపోర్టు జనం ముందర పెట్టాలె, సొరంగానిదైనా సరే, రాకెట్‌దైనా సరే.

గగన్‌యాన్ అనంగనే వెనక వరుసల ఇంజనీరింగ్ పిల్లలు అడ్డంగ తలలూపుడు చూస్తనే ఉన్న. మైకు ముందుగాల వాళ్లకే ఇయ్యుండ్రి.