పిల్లల పెంపకం గురించి మాట్లాడమన్నారు

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, వేదిక మీదున్న పెద్దలకు, సాయంత్రం సీరియల్ వదులుకుని వచ్చిన అక్కాచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. ఆ పని నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరు పెద్దలు చేసేశారు, నాకు కేటాయించిన సమయంలో కొంత కూడా వాడేశారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న, అంటే బాలల దినోత్సవం నాడే మొదలై 20 దాకా జరుగుతాయి. అందుకే ఒక రోజు పిల్లల మీద ప్రసంగం ఉండాలని కార్యదర్శి గారు అనుకున్నారు, కరపత్రంలో ‘నేటి సమాజంలో పిల్లల పెంపకం’ అని వేయించారు. సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని. ఇంకేం అర్హత కావాలని నన్ను పిలిచి ఉంటారు. కానీ నా ఇద్దరూ రెక్కలొచ్చి పుణె, హైదరాబాద్ చేరారు. ఇప్పుడు నేను పెంచుతున్నది పిల్లిని. అందుకని రెండూ కలిపే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

మా పిల్లి పేరు పటేలు. చేతులు వెనక్కి కట్టుకుని పొలం చూడబోయే పెద్దమనిషి నడక వాడిది. నేను పేపరు పరిస్తే సరిగ్గా నేను చదివే వార్త మీదే కూర్చుంటాడు. లెమ్మంటే కళ్లు సగం మూసి తోక ఒక్కసారి నేలకు కొడతాడు. అంతే, నేనే ఇంకో పేజీ వెతుక్కోవాలి. రోజులో పద్నాలుగు గంటలు నిద్రపోతాడు, అడిగేవాళ్లు లేరు. ఎదురింటి పిల్లి ఎలుకను పట్టింది, నువ్వెందుకు పట్టలేదని పటేలును ఎవరూ నిలదీయరు. పిల్లల్ని అలా నిలదీయని ఇల్లు మన హనుమకొండలో ఎక్కడైనా ఉంటే చెప్పండి, రేపే వెళ్లి దండం పెట్టొస్తాను.

వైష్ణవంలో రెండు న్యాయాలు చెబుతారు. ఒకటి మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకుంటుంది, భక్తుడూ అలా దేవుణ్ని పట్టుకోవాలంటారు వడగలై శాఖ వారు. రెండోది మార్జాల కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ పట్టి తీసుకుపోతుంది, దేవుడూ అలాగే కాపాడతాడంటారు తెంగలై శాఖ వారు. మర్కటాల సంగతి మన ఊరివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మా పెరట్లో జామకాయ మాకు దక్కి ఎన్నాళ్లయిందో.

మార్జాలం సంగతి మాత్రం చెప్పాలి. మనమంతా అదే పద్ధతి అనుకుంటున్నాం. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి పిల్లల చదువు కోసం హనుమకొండలో గది అద్దెకు తీసుకుని, అది బాగాలేదని ఇంకో గల్లీకి మారి, పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పినట్టు తిప్పుతున్నాం. కానీ పిల్లి ఎన్నాళ్లు తిప్పుతుంది? పుట్టిన వారం, పది రోజులకు కూన కళ్లు తెరుస్తుంది. నాలుగో వారం నుంచి కాస్త కాస్త తిండి ముడుతుంది. రెండు నెలలు నిండేసరికి సొంతంగా తింటుంది. ఆ తర్వాత పాలకోసం వస్తే తల్లి బుస్సుమని పంపించేస్తుంది. ఆ రెండో భాగాన్ని మనం వదిలేశాం. కోచింగ్ హాస్టల్లో దింపేదీ మెడ పట్టుకునే, బ్రాంచి ఎంచేదీ మెడ పట్టుకునే, పెళ్లి చేసేదీ మెడ పట్టుకునే. పెళ్లయ్యాక ఏడాది తిరక్కుండానే ‘ఏమన్నా విశేషమా?’ అని అడిగేదీ ఆ పట్టు వదలకుండానే.

నేను రాసుకొచ్చిన కాగితంలో దీని తర్వాత సెల్‌ఫోన్ గురించి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. ‘విశేషమా’ అన్న మాట నోటికొచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. చెప్పమని ఆమే అన్నది, పేరు మాత్రం వద్దన్నది. పెళ్లయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఒక పిల్లిని సాదుకుంది. బూడిద రంగు ఒళ్లు, నాలుగు కాళ్లకూ తెల్ల సాక్సులు తొడిగినట్టుండేది. వాళ్ల చుట్టాలింట్లో శ్రీమంతం జరిగితే నేనూ వెళ్లాను. గాజులు తొడిగేటప్పుడు అందరినీ పిలిచారు, ఈమెను పిలవలేదు. పైగా ఒక పెద్దావిడ, ‘నీకేందే, ఇంట్లో పిల్లి ఉన్నదిగా, దానికి తొడుగు’ అన్నది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకేం చేస్తుంది?

ఆ తర్వాత చలికాలంలో ఒక రాత్రి ఆ పిల్లి తిండి మానేసి మంచం కింద ముడుచుకుంది. ఒళ్లు కాలుతోంది. ఆ వేళకు పశువుల డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు? చుట్టాల్లో ఒకామెకు ఫోన్ చేస్తే, ‘పిల్లలకు పోసే జ్వరం సిరప్పే పొయ్యి, అది నీ బిడ్డే కదా’ అన్నది. ఆమె సీసా మూతతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులో, గీత దాకా, చుక్క ఎక్కువ కాకుండా కొలిచి పోసింది. తెల్లారేసరికి పిల్లి మొహం వాచింది. చిగుళ్లు గులాబీ రంగు పోయి మట్టి రంగుకు తిరిగాయి. నోరు తెరిచి ఎగపోస్తోంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

అమ్మా, ఇది రాసుకోండి. వెనక బెంచీ తమ్ముడూ, నువ్వు కూడా. ఆ జ్వరం సిరప్పులో ఉండే పారాసెటమాల్ పిల్లికి విషం. పసిపిల్లకు బరువును బట్టి డాక్టర్ చెప్పిన కొలతలో ఇస్తే పనిచేసే మందే, కానీ పిల్లి కాలేయానికి దాన్ని విరగ్గొట్టే శక్తి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. అయిదు వందల మిల్లీగ్రాముల గోలీ ఒక్కటి చాలు పెద్ద పిల్లి ప్రాణం తీయడానికి. ముక్క కూడా వద్దు, చుక్క కూడా వద్దు. ఇంట్లో ఎవరైనా తెలియక వేస్తే తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

ఆ అమ్మాయి ఇంటికి పలకరింపుకు ఎవరూ పోలేదు. పనిచేసే చోట ఒక్కరోజు సెలవు అడిగితే నవ్వారు. గాజుల రోజు ‘నీకు పిల్లి ఉన్నదిగా’ అన్న ఆ నోరే, ‘పోతే పోయింది, ఇకనైనా పిల్లల మీద మనసు పెట్టు’ అన్నది. అంటే వెక్కిరించడానికి ఆ పిల్లి బిడ్డయింది, ఏడవడానికి మాత్రం పిల్లే అయింది. ఆమెకు పిల్లలు పుట్టలేదో, వద్దనుకున్నదో నాకు తెలియదు. నేను అడగలేదు. మీరూ ఎవరినీ అడగకండి. సభకు వచ్చినందుకు నాకు శాలువా కప్పుతారట, అది వద్దు, ఈ ఒక్క మాట వినండి. అడగకండి.

పిల్లలకు బదులు పిల్లిని తెచ్చుకున్నదని ఎవరన్నారో కానీ, ఆ లెక్కే తప్పు. పిల్లాడు పుడితే క్షయ రాకుండా బీసీజీ పుట్టగానే వేస్తారు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, తొమ్మిది నెలలకు తట్టు టీకా. మీరు మరిచిపోతే ఆశ కార్యకర్త ఇంటికొచ్చి గుర్తుచేస్తుంది. పిల్లికి అలా ఎవరు వస్తారు? మూడు జబ్బులకు కలిపి వేసే టీకా రెండు నెలలప్పుడు మొదలుపెట్టి మళ్లీ వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు. అన్నీ మనకే గుర్తుండాలి. గీరినా కరిచినా పసుపు అద్ది ఊరుకోకుండా సబ్బుతో, నీళ్ల ధార కింద పదిహేను నిమిషాలు కడిగి ఎంజీఎం దవాఖానకు పోవాలి.

తిండీ అంతే. పెరుగన్నంతో పెంచుతాం అంటారు కొందరు, వాళ్ల ఆచారం వాళ్లది. కానీ మాంసం, చేపల్లో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే పిల్లికి గుండె, చూపు రెండూ దెబ్బతింటాయి. పాలు కూడా పెద్ద పిల్లులు చాలావాటికి అరగవు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిందని కథ చెప్పుకుని నవ్వుకుంటాం కదా, నన్నడిగితే రాయల వారి కొలువులో తెలివైన పిల్లి అదొక్కటే.

కోడలు నెల తప్పగానే పిల్లిని బయట పడేయమనే అత్తగార్లు ఇక్కడ ఉంటే వాళ్లకూ ఒక మాట. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి భయం ఊరికే పుట్టింది కాదు, నిజమే. కానీ అది పిల్లి మలంలో కనీసం ఒక రోజు ఉంటే గానీ అంటుకునే స్థితికి రాదు. ఇసుక తట్టను రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది, కొడుకుకు ఆ పని చెప్పండి. సరిగ్గా ఉడకని మాంసంతో, కడగని ఆకుకూరతో కూడా వస్తుందది. ముందు డాక్టర్‌ను అడగండి, గోనెసంచి సంగతి తర్వాత.

గోనెసంచి అంటే గుర్తొచ్చింది. దసరా సెలవుల్లో పిల్లలు ముచ్చటపడ్డారని కూనను తేవడం, పరీక్షలు దగ్గర పడగానే సంచిలో వేసి వడ్డేపల్లి చెరువు కట్ట మీద వదిలేయడం, ఇదొకటి. ఇంట్లో తిండికి అలవాటు పడిన కూన అక్కడ ఎలా బతుకుతుందో ఆ పిల్లాడు అడిగితే ఏం చెబుతారు?

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం, అధ్యక్షా. ఈ గ్రంథాలయంలోనే పాత పేపర్ల గదిలో ఒక పిల్లి మూడు కూనల్ని పెట్టింది. పేపర్లు పాడవుతున్నాయని, వాటిని అవతల పడేయిద్దామని ఒక ప్రతిపాదన నడుస్తున్నట్టు విన్నాను. రెండు నెలలు నిండేదాకా ఆగండి. తల్లికి ఆపరేషన్ చేయించే ఖర్చు నాది, చేయించకపోతే ఏడాదికి రెండు మూడు ఈతలు తప్పవు. రెండు కూనలకు ఇళ్లు కుదిరాయి. మూడోది నల్లది, ఎదురొస్తే అపశకునమని దాన్ని ఎవరూ అడగడం లేదు. కావలసినవాళ్లు కౌంటర్‌లో పేరు, ఇంట్లో టీకాలు వేయించే మనిషి ఎవరో రాసివ్వండి. మార్చిలో పరీక్షలున్న ఇళ్లవాళ్లు దయచేసి రాయకండి. తీసుకుపోవడానికి సంచి వద్దు, గాలాడే బుట్ట తెచ్చుకోండి.