బంకర్‌లో ఇద్దరా, ముగ్గురా?

(గుంటూరులో మాజీ సైనికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కాస్త గరగరలాడుతోంది. వెనక వరుసల్లో వినబడకపోతే చెయ్యెత్తండి.

నేను డాక్టర్ని. మన ఊళ్లోనే ఉండే ఒక రిటైర్డ్ జవాను నా దగ్గరికి వస్తుంటారు. దీపావళి రాత్రి తలుపులన్నీ బిగించి, టీవీ సౌండ్ పెంచుకుని లోపలి గదిలో కూర్చుంటారాయన. మొదటిసారి వచ్చినప్పుడు ‘ఆ రాత్రి బంకర్‌లో ఇద్దరం’ అన్నారు. ఏడాది తర్వాత ‘ముగ్గురం’ అన్నారు. ‘పోయినసారి ఇద్దరన్నారుగా?’ అంది పక్కనున్న వాళ్లావిడ. ఆయన లేచి బయటికెళ్లిపోయారు.

అబద్ధమాడారా? లేదు.

1991 గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన 59 మంది అమెరికన్ సైనికుల్ని పరిశోధకులు నెల రోజులకు ఒకసారి, రెండేళ్లకు మరోసారి అవే 19 ప్రశ్నలు అడిగారు. తోటివాళ్లు చనిపోవడం చూశారా, మీ ప్రాణం మీదికి వచ్చిందా, ఇలాంటివి. 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చారు. మొదట లేదన్న సంఘటనను తర్వాత ఉందన్నవాళ్లు 70 శాతం. పీటీఎస్‌డీ, అంటే భయంకర అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు, దాని లక్షణాలు ఎక్కువున్నవాళ్లలో ఇలా కొత్తగా చేరినవీ ఎక్కువే. ఈ ఫలితాలు 1997లో అచ్చయ్యాయి.

ప్రాణభయంలో మెదడు కళ్లెదుట ఉన్నదాన్నే గట్టిగా పట్టుకుంటుంది. తుపాకీ గొట్టం, వాసన, ఒక కేక. ఎంతమంది, ఎన్ని గంటలకు, ఏది ముందు అన్నవి వదులుగా ఉండిపోతాయి. తర్వాత పీడకలలు, టీవీలో చూసినవి, తోటి జవాన్లు చెప్పినవి ఆ ఖాళీల్లోకి వచ్చి కూర్చుంటాయి. యుద్ధం దాకా ఎందుకు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు నీళ్లు ఎన్ని మెట్లెక్కాయో విజయవాడ సింగ్ నగర్‌లో ఒకే ఇంట్లో ముగ్గుర్ని అడిగి చూడండి.

అలాగని కళ్లకు కట్టినట్టు చెప్పిందల్లా నిజమనీ అనుకోవద్దు. 2004లో వచ్చిన మరో అధ్యయనంలో, శిక్షణలో భాగంగా అరగంటకు పైగా ఎదురుగా కూర్చుని గద్దించిన మనిషినే చాలామంది సైనికులు మర్నాడు గుర్తుపట్టలేకపోయారు. వాళ్లు ఆరోగ్యవంతులే, పైగా కుర్రాళ్లు. అందుకే కోర్టులో గానీ పెన్షన్ కాగితాల్లో గానీ ఒక్క వివరం తేడా వచ్చిందని మొత్తం కొట్టిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన నెల ఆయన మళ్లీ వచ్చారు. ‘మూడోవాడు కలలోనే వచ్చాడేమో డాక్టరు గారూ, తెలీడం లేదు. చలి కాచుకునే బుఖారీ పొయ్యి కిరోసిన్ వాసన మాత్రం నిజం’ అన్నారు. ఈసారి ఆవిడ లెక్క అడగలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన చేతికిచ్చింది.