మెడ ముందుకు వాలిపోతోందా? చిన్ టక్ సరిగ్గా ఇలా చేయండి

నమస్తే అండి. పక్కకి తిరిగి నిలబడుతున్నా, చూడండి. చెవి భుజానికి నేరుగా పైన ఉండాలి, ఇలా. ఇప్పుడు ఫోన్ చూస్తున్నప్పుడు... ఇదిగో, ఎంత ముందుకొచ్చిందో! తల బరువు దాదాపు 5 కిలోలు. అది ముందుకు వాలినంతసేపూ మెడ వెనక కండరాలే లాగి పట్టుకోవాలి. సాయంత్రానికి మెడ పట్టేయదా మరి?

ముందు భుజాలు వెనక్కి తిప్పండి. ఇలా, ఇలా. పదిసార్లు. సరే, అయింది.

ఇక చిన్ టక్, అంటే గడ్డాన్ని వెనక్కి లాగడం. ఇక్కడ కాస్త ఆగుదాం, చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. గడ్డం వెనక్కి అనగానే తల దించేస్తారు. చూశారా, చూపు నేల మీదకి పోయింది. ఇది కాదు. చూపు ఎదురుగానే ఉండాలి, తల మొత్తం వెనక్కి జరగాలి, బల్ల సొరుగు లోపలికి నెట్టినట్టు. మళ్లీ చూపిస్తా. చూపు ఎదురుగా... వెనక్కి... అదిగో, డబుల్ చిన్ వచ్చింది. చూడ్డానికి బాగోదు గానీ మనకి కావాల్సింది అదే. పుర్రె కింద, ఇక్కడ, సన్నగా లాగుతుంది. 5 సెకన్లు ఆపి వదలండి. పళ్లు బిగించొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. ఇలా 10 సార్లు.

అద్దంలో చూసుకోమంటారు గానీ ఎదురుగా నిలబడితే ఏం తెలుస్తుంది? ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసుకోండి, నా ఓటు దానికే. అప్పటికీ కుదరకపోతే వెల్లకిలా పడుకుని తలతో నేలని మెల్లగా వెనక్కి నొక్కండి. నేలే దారి చూపిస్తుంది.

తర్వాత గుమ్మం దగ్గర. మోచేతులు భుజాల ఎత్తులో ఆనించి, ఒక అడుగు ముందుకు. ఛాతీ సాగుతుంది. 30 సెకన్లు, రెండుసార్లు. ఛాతీ బిగుసుకుపోయి ఉంటే భుజాల్ని ముందుకే లాగుతుంది, అందుకని దీన్ని స్కిప్ చేయకండి.

చివరిది బ్యాండ్, అదే సాగే రబ్బరు పట్టీ. తలుపు హ్యాండిల్‌కి కట్టేముందు తలుపు గట్టిగా మూసి ఉందో లేదో చూసుకోండి. బ్యాండ్‌ని మీ వైపు లాగేటప్పుడు భుజాలు చెవుల వైపు లేవకూడదు, ఇదిగో ఇలా. వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి రావాలి, కొంచెం కిందికి కూడా. 12 సార్లు, వారానికి మూడు రోజులు చాలు. చిన్ టక్ మాత్రం రోజూ.

చేస్తుంటే చేతిలోకి నొప్పి పాకినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే ఆపేయండి. అది డాక్టర్‌కి చూపించాల్సిన విషయం, ఎక్సర్‌సైజ్‌తో నెట్టుకొచ్చేది కాదు.