లైసెన్సు అంటిమి, బిళ్ల కాడ ఆగిపోతిమి

పద్మ: నమస్తే అందరికీ. ఈ వారం పెంపుడు కుక్కలకి మున్సిపల్ లైసెన్సు. ఓబులేసన్నా, ఎనుముల మాట ఎత్తకుండా చెప్పాల.

ఓబులేసు: ఎత్తనులేమ్మా. ర్యాబిస్ టీకా కాగితం, కుక్క ఫొటో, ఆధార్, ఇంటిపన్ను రశీదు పట్టుకొని కార్పొరేషన్‌లో అడగాల. మొదటి టీకా 3 నెలలు నిండినాంక. కాగితం మీద సీసా స్టిక్కరు అంటించిండాల, బ్యాచ్ నంబరు కనపడాల, డాక్టరు సంతకం ఉండాల. ఏటా టీకా, ఏటా రెన్యువల్. అయిపాయ.

పద్మ: అంతేనా? ఎపిసోడే అయిపాయ గదన్నా!

ఓబులేసు: కాగితం బీరువాలో ఉంటాది, కుక్క ఏడురోడ్ల కాడ ఉంటాది. టపాసులకి బెదిరి గేటు దూకినదాని మెడలో బిళ్ల ఉండాదా, అది చెప్పు.

పద్మ: బిళ్ల ఎందుకన్నా, తోలు కింద చిప్ ఏపిస్తే సాలు గదా.

ఓబులేసు: చిప్ ఏమన్నా ఫోన్ చేస్తాదా మనకి? బ్యాటరీ ల్యా, జీపీఎస్ ల్యా.

పద్మ: జీపీఎస్ అని ఎవురన్నారు? బియ్యపు గింజంత, 12 మిల్లీమీటర్లు. రెండు భుజాల నడుమ తోలు కింద సూదితో ఏస్తారు, మత్తు అక్కర్లేదు. రీడర్ పెడితేనే 15 అంకెలు చూపిస్తాది.

ఓబులేసు: రీడర్ యాడుంటాది?

పద్మ: వెటర్నరీ డాక్టరు కాడ.

ఓబులేసు: అందరి కాడా? 125 కిలోహెర్ట్‌జ్ అలలతో చదివే పాత రీడరుకి 134.2 కిలోహెర్ట్‌జ్ చిప్ కనపడదు. అదే ఎనుముకి చూడు...

పద్మ: వచ్చె! ఎనుము వచ్చె!

ఓబులేసు: ...చెవికి పసుప్పచ్చ బిళ్ల, 12 అంకెలు, కంటికే కనపడ్తాయి. బిళ్ల ఊడిపోతే ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరని రైతు కండ్లలో పెట్టుకుంటాడు.

పద్మ: బిళ్ల ఊడుతుంది, చిప్ ఊడదన్నా. కాకుంటే కొన్నిసార్లు భుజం కిందికి జారుతుంది. అందుకే మెడ కాడ ఒక్కసారి చూసి లేదనగూడదు. ఇనుప పట్టీ తీసేసి, భుజాలు, ముందరి కాళ్ల దాకా రీడర్ నిదానంగా తిప్పాల. ఏసే ముందర చిప్‌ని ఒకసారి, ఏసినాంక కుక్కని ఒకసారి చదివించాల.

ఓబులేసు: నంబరొచ్చె. ఆ నంబరు ఎవురిదో యాడ రాసుంటాది?

పద్మ: రిజిస్ట్రీలో, అంటే చిప్ నంబరు, ఓనరు వివరాలు రాసిపెట్టే జాబితాలో. మనం ఎక్కించుంటే.

ఓబులేసు: ఆ! సిమ్ము మార్చినోళ్లు అది మార్చరు.

పద్మ: సరే, ఈ మాట నీదే గెలుపు.

ఓబులేసు: నవ్వులాట కాదమ్మా. కుక్క ఎవురినన్నా కరిస్తే దాన్ని 10 రోజులు కట్టేసి గమనించాల. ఎవురిదో తెలీకుంటే యాడ గమనిస్తావు?

పద్మ: (కాసేపు ఆగి) కరిపించుకున్నోళ్లు ఆ 10 రోజులు చూస్తా కూర్చోగూడదు. సబ్బుతో, కొళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ పొద్దే ఆస్పత్రికి. పెద్దాస్పత్రిలో చర్మంలో ఏసే సూదులైతే మొదటి రోజు, 3, 7, 28 రోజులకి. ఒక్కటీ తప్పగూడదు.

ఓబులేసు: అందుకే కుక్క మెడపట్టీకి బిళ్ల. రెండు ఫోన్ నంబర్లు చెక్కించాల, పేరుకన్నా అవి ముఖ్యం. స్టిక్కరు, పెయింటు వద్దు, ఒక వానకే పోతాయి. ఎస్ కొక్కెం లాగితే తెరుచుకుంటాది, తాళంచెవుల గుత్తికుండే చుట్టల రింగే మేలు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాల. కుక్కపిల్లకైతే వారానికొకసారి వదులు చేయకుంటే మెడలోకి కోసుకుపోతాది.

పద్మ: పిల్లికి?

ఓబులేసు: పిల్లి పట్టీ గట్టిగా లాగితే విడిపోయేది కావాల. లేకుంటే కొమ్మకి తగులుకొని ఉరిపడ్తాది.

పద్మ: విడిపోతే బిళ్లా పాయ గదా? మళ్లీ చిప్పే దిక్కు!

ఓబులేసు: పిల్లికి ఒప్పుకుంటా. ఎనుముకి మాత్రం...

పద్మ: ఆపేస్తాండానన్నా రికార్డింగు.