మోకాళ్ల మీద వాలిన ఛాన్సలర్

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం నాతో మా తమ్ముడు ఉన్నాడు. బెర్లిన్‌లో రెండేళ్లు చదువుకుని ఈ మధ్యే ఇంటికొచ్చాడు. ఏరా, దేశం పరువు బయట పోతే దాన్ని ముందు ఇంట్లోనే వెతుక్కోవాలని మొన్న అన్నావు. ఆ మాట పట్టుకునే ఈ ఎపిసోడ్ పెట్టాను.

తమ్ముడు: అవునక్కా. పబ్లిక్ డిప్లొమసీ, అంటే బయటి దేశాల జనం మనసు గెలుచుకునే ప్రయత్నం, అనగానే మనకు టూరిజం యాడ్లు, డాన్స్ ఫెస్టివల్స్ గుర్తొస్తాయి. 1945లో జర్మనీకి అవేవీ అక్కరకొచ్చే పరిస్థితి లేదు. దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపిన దేశం. ఏ మొహం పెట్టుకుని మా దేశం చూడ్డానికి రండి అంటుంది?

అక్క: మరి ఎక్కడ మొదలుపెట్టారు?

తమ్ముడు: డబ్బుతో. 1952 సెప్టెంబరులో లక్సెంబర్గ్‌లో ఒప్పందం కుదిరింది. ఇజ్రాయెల్‌కి పశ్చిమ జర్మనీ 300 కోట్ల మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ) ఇవ్వాలి, చాలావరకు సరుకుల రూపంలో. ఉక్కు, యంత్రాలు, ఓడలు. అయితే అదేమీ సాఫీగా జరగలేదు. ఆ ఏడాది జనవరిలోనే, అసలు జర్మన్లతో మాట్లాడాలా వద్దా అన్న చర్చ జరుగుతుండగా జెరూసలేంలో ఇజ్రాయెల్ పార్లమెంటు మీద జనం రాళ్లు రువ్వారు. మా వాళ్ల రక్తానికి వెల కడతారా అని అక్కడి ప్రతిపక్ష నాయకుడు మెనాహెం బెగిన్ ఊగిపోయారు. ఇటు జర్మనీలోనూ ఛాన్సలర్, అంటే మన ప్రధానిలాంటి పదవిలో ఉన్న అడెనావర్ సొంత కూటమిలో చాలామంది కలిసిరాలేదు. ప్రతిపక్షం ఓట్లేస్తేనే ఒప్పందం గట్టెక్కింది.

అక్క: పుచ్చుకునేవాళ్లకీ మింగుడుపడలేదు, ఇచ్చేవాళ్లకీ మింగుడుపడలేదు.

తమ్ముడు: నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది తర్వాతి ఛాన్సలర్లలో ఒకడైన విల్లీ బ్రాంట్. 1970 డిసెంబరు 7, పోలండ్ రాజధాని వార్సా. యూదుల్ని గోడల మధ్య బంధించిన చోట, 1943లో వాళ్లు తిరగబడ్డ చోట ఒక స్మారకం ఉంది. ఛాన్సలర్ వచ్చాడు, పూలచక్రం పెట్టాడు, రిబ్బన్లు సర్దాడు. అంతవరకూ అన్ని దేశాల నాయకులూ చేసేదే. ఒక అడుగు వెనక్కి వేసి, ఉన్నట్టుండి రెండు మోకాళ్ల మీద వాలిపోయాడు. తల వంచుకుని, చేతులు ముందు కట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒక్క మాట లేదు.

అక్క: కెమెరాల కోసం చేశాడేమోనని కొందరికి అనిపిస్తుంది కదరా?

తమ్ముడు: ముందే అనుకుని చేసింది కాదని ఆయన తర్వాత చెప్పాడు. మాటలు చాలనప్పుడు మనుషులు ఏం చేస్తారో తానూ అదే చేశానన్నాడు. ఇంకో సంగతి, నాజీల పాపంలో ఆయనకి పాలు లేదు. పంతొమ్మిదేళ్లకే వాళ్ల చేతికి చిక్కకుండా నార్వే పారిపోయిన మనిషి. తను చేయని తప్పుకి తన దేశం తరఫున మోకరిల్లాడు.

అక్క: మరి సొంత జనం ఏమన్నారు?

తమ్ముడు: అప్పట్లో ఒక పత్రిక సర్వే చేస్తే, 48 శాతం మంది అది అతి అన్నారు. సరైన పనే అన్నవాళ్లు 41 శాతం. అదే రోజు ఆయన ఓడర్-నైసె నదుల గీతను పోలండ్ సరిహద్దుగా ఒప్పుకుంటూ సంతకం పెట్టాడు. ఆ గీతకి అవతల ఇళ్లూ పొలాలూ పోగొట్టుకుని వచ్చిన జర్మన్లు లక్షల్లో ఉన్నారు. వాళ్ల ఓట్లు కూడా కావాలి కదా! తెలిసే చేశాడు. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఈ వరస మనం మర్చిపోకూడదక్కా. ముందు ఇంట్లో చీవాట్లు, ఆ తర్వాతే బయట గౌరవం.

అక్క: నువ్వు హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకున్నావే, ఆ గోథె సంస్థ కూడా ఇందులో భాగమేనా?

తమ్ముడు: భాగమే. 1951లో మొదలైంది. మన దేశంలో దానికి మాక్స్ ముల్లర్ పేరు పెట్టుకున్నారు, ఋగ్వేదాన్ని అచ్చు వేయించిన జర్మన్ పండితుడు కదా. మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్లే మన పిల్లలు ముందు ఆ క్లాసుల్లోనే కూర్చుంటారు. మంచి పనే. కానీ ఆ దేశం మీద నాకు నమ్మకం కుదిరింది క్లాసులో కాదు, ఫుట్‌పాత్ మీద.

అక్క: ఆ ముసలావిడ సంగతి చెప్పు.

తమ్ముడు: నవంబరు 9 సాయంత్రం. 1938లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రోజది. మా వీధిలో ఒకావిడ, డెబ్బై దాటి ఉంటాయి, చలిలో చిన్న చాప పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుని నేలని తోముతోంది. దగ్గరికెళ్లి చూస్తే నేలలో పాతిన రాయి మీద అరచేతంత ఇత్తడి రేకు. అమ్మ పండక్కి చింతపండుతో ఇత్తడి చెంబులు తోముతుందే, అచ్చం అలాగే రుద్దుతోంది. నలుపు పోయి అక్షరాలు బయటపడ్డాయి. ‘ఇక్కడ నివసించింది’ అని, కింద ఒక పేరు, పుట్టిన ఏడాది, 1943, ఆష్విట్జ్. నాజీలు యూదుల్ని చంపిన శిబిరం అది. పుట్టిన ఏడాది లెక్కేస్తే ఆ పిల్లకి తొమ్మిదేళ్లు.

అక్క: ఆవిడ వాళ్ల చుట్టమా?

తమ్ముడు: కాదు, ఆ బిల్డింగ్‌లో ఉంటుందంతే. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టాడు వీటిని. కాలికి తట్టుకునే రాళ్లు అని పేరు. సర్కారు పథకం కాదు, మామూలు జనం చందాలిచ్చి తమ గుమ్మం ముందు వేయిస్తారు. 2023కి లక్షో రాయి పడింది. రాసింది చదవాలంటే ఎవరైనా తల వంచాల్సిందే.

అక్క: అన్ని తప్పులకీ ఇలాగే తల వంచారా?

తమ్ముడు: లేదు. ఆఫ్రికాలో అప్పటి జర్మన్ వలస, ఇప్పటి నమీబియాలో 1904 నుంచి 1908 వరకు హెరెరో, నామా జాతుల్ని వేలకు వేలు చంపారు. అది జాతిహననమేనని జర్మనీ ఒప్పుకుంది 2021లో. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామన్నారు, కానీ సాయం పేరుతో. పరిహారం అన్న మాట వాడలేదు. మా గురించి మా వెనకాల మాట్లాడుకున్నారని హెరెరో, నామా పెద్దలు చాలామంది దాన్ని తోసిపుచ్చారు. వార్సాలో నోరు విప్పకుండానే అంతా చెప్పిన దేశం, ఇక్కడ అన్ని పేజీలు రాసి ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. అది నాకు కష్టంగా ఉందక్కా.