దశరథుడి గురి తప్పలేదు

నమస్కారం. ఏటా నవంబరులో నేను జింకల వేటకు వెళ్తానని తెలిసిన బంధువులందరూ నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "నీ గురి ఎలా ఉంటుంది?" పదిహేనేళ్లుగా ఇదే ప్రశ్న వింటున్నాను కనుక ఈ మధ్య విసుగు దాచుకోవడం కూడా మానేశాను. వేట అంటే గురి అనీ, గురి కుదిరినవాడే వేటగాడనీ మనలో పాతుకుపోయిన అభిప్రాయం ఎంత తలకిందులైనదో చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను. గురి తప్పితే జింక పారిపోతుంది, వేటగాడు ఖాళీ చేతులతో ఇంటికి వస్తాడు, ఆ పూట పప్పన్నం తింటాడు, అంతే. కుర్రతనంలో వేటగాళ్లు చేసే తప్పుల్లో జీవితాంతం నిద్ర పట్టనివ్వనివి మాత్రం దాదాపు అన్నీ గురి కుదిరిన తప్పులే.

ముందుగా ఒక మాట. నేను ఉండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఇక్కడ వేట చట్టబద్ధం, దానికి లైసెన్సు ఉంటుంది, ఋతువు ఉంటుంది, 1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి శిక్షణ తరగతి ఉంటుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, అక్కడి నుంచి చూస్తున్నవారు దీన్ని ప్రోత్సాహంగా తీసుకోవద్దని మనవి. ఇక్కడ తాత్కాలిక వీసాల మీద ఉన్న మన పిల్లలకు ఇంకొక మాట: మీలాంటివారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. కాబట్టి స్నేహితుడి తుపాకీతో సరదాగా ఫొటో దిగే ముందు ఆ నిబంధనలు పూర్తిగా చదువుకోండి.

ఇక విషయానికి వస్తాను. గురి కుదిరిన తప్పుకు నాకు తెలిసిన అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ అమెరికాది కాదు, అయోధ్యది. దశరథుడి కథ మీకు తెలుసు కనుక మళ్లీ చెప్పను, కానీ ఒక్కసారి వేటగాడి కళ్లతో చూడండి. అప్పటికి ఆయన ఇంకా పెళ్లి కాని యువరాజు. వానాకాలపు రాత్రి సరయూ నది ఒడ్డున, నీళ్లు తాగడానికి వచ్చే ఏనుగునో అడవిదున్ననో కొట్టాలని మాటు వేశాడు. మృగం నీటికి వస్తుంది కనుక నీటి దగ్గర మాటు వేయడం సరైన పనే, ఏ పాత వేటగాడూ దానికి వంక పెట్టడు. అంత చీకట్లో, కేవలం చప్పుడును బట్టి వదిలిన బాణం సూటిగా వెళ్లి తగిలింది. అదీ సరైన గురే. తగిలింది మాత్రం తల్లిదండ్రుల కోసం కుండలో నీళ్లు ముంచుకుంటున్న మునికుమారుడికి. మనం శ్రవణకుమారుడని పిలుచుకునే ఆ అబ్బాయికి వాల్మీకి పేరు కూడా పెట్టలేదు. బహుశా అందుకేనేమో, ఆ స్థానంలో ఎవరినైనా ఊహించుకోవచ్చు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, దశరథుడు ఏనుగు చప్పుడు వినలేదు, ఏనుగు కోసం ఎదురుచూస్తూ ఒక చప్పుడు విన్నాడు. ఈ రెండింటికీ ఉన్న తేడాలోనే ఈ వీడియో మొత్తం ఉంది. గంటల తరబడి చలిలో కూర్చుని ఒకే ఒక రూపం కోసం చూస్తున్న మనిషి మెదడు, దొరికిన ప్రతి ముక్కతోనూ ఆ రూపాన్నే పూర్తి చేసుకుంటుంది. ఎండుకొమ్మ రెండుగా చీలి ఉంటే అవి కొమ్ములవుతాయి, రాలిన ఆకుల మీద ఉడుత పరుగు జింక అడుగవుతుంది, కుండ బుడబుడ ఏనుగు ఘీంకారమవుతుంది. దానికి తోడు గుండె దడదడలాడుతూ చేతులు వణుకుతుంటే, ఉన్నది చూస్తున్నామో కావలసినది చూస్తున్నామో తేల్చుకునే ఓపిక కుర్రవాడికి ఉండదు. పైగా దశరథుడికి శబ్దవేధి అనే పేరు ముందే వచ్చేసింది. పేరు వచ్చినవాడు దాన్ని నిలబెట్టుకోవాలని చూస్తాడు. వేటలో నన్ను అన్నిటికన్నా భయపెట్టే మనిషి అలాంటి కుర్రవాడే.

నేను కూడా అలాంటి కుర్రవాడినే. వేటకు వెళ్లడం మొదలుపెట్టిన రెండో ఏడాది, పొద్దు వాలుతున్న వేళ, నాకు వేట నేర్పుతున్న పెద్దాయన పక్కన ఓక్ చెట్ల మధ్య కూర్చుని ఉన్నాను. దాదాపు ఎనభై గజాల దూరంలో ఆకులు కదిలాయి, ఒక మోడు పక్కన గోధుమరంగుది ఏదో కిందికి వంగి మళ్లీ లేచింది. నేల మీద మేస్తున్న జింక తల సరిగ్గా అలాగే వంగి లేస్తుంది. నేను రైఫిల్ ఎత్తి, అదేమిటో చూద్దామని దాని మీద బిగించిన స్కోపు అనే దుర్భిణిలో కన్ను పెట్టాను. స్కోపు గాజులో మొదట గోధుమరంగు చేతితొడుగు కనిపించింది, తరువాత దాని వేళ్ల మధ్య నల్లటి బూటు తాడు కనిపించింది. ఒక మనిషి చెట్టు మొదలుకు ఆనుకుని వంగి బూటు ముడి వేసుకుంటున్నాడు. ఆయన వేసుకున్న నారింజరంగు కోటు చెట్టు చాటున ఉండిపోయింది.

నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు కనుక ఏమీ జరగలేదని మీరు అనవచ్చు. నేనూ అప్పుడు అదే అన్నాను. పెద్దాయన మారుమాట్లాడకుండా నా చేతిలోని రైఫిల్ తీసుకుని, అది లేకుండా తుపాకీ పేలని బోల్టును ఊడదీసి తన జేబులో వేసుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున నాకు రైఫిల్ ఇవ్వలేదు, మెడలో బైనాక్యులర్స్ వేశారు. తుపాకీతో వేటాడనిచ్చే తొమ్మిది రోజుల ఋతువులో మిగిలిన రోజులన్నీ నేను చూడడానికే వెళ్లాను. ఆయన చెప్పకుండా చెప్పినది ఇది: స్కోపు చూసే పరికరం కాదు, దాని కింద తుపాకీ గొట్టం ఉంది. అదేమిటో తెలుసుకోవడానికి స్కోపు ఎత్తినవాడు, తెలియక ముందే దాని మీద తుపాకీ గురిపెట్టినట్టే. దశరథుడు చెవితో చేసిన పనిని నేను కంటితో చేశాను.

(తెరపై: నారింజరంగు కోటు, పక్కనే జింక కంటికి కనిపించే రంగుల చిత్రం)

ఆ నారింజరంగు కోటు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ జింకల తుపాకీ ఋతువులో నడుముకు పైన వేసుకున్న బట్టల్లో కనీసం సగం మెరిసే నారింజరంగులో ఉండాలి. 2016 నుంచి మెరిసే గులాబీరంగు కూడా చెల్లుతుంది. అంత కొట్టొచ్చినట్టు కనిపించే రంగు వేసుకుంటే జింక పారిపోదా అని చాలామంది అడుగుతారు. జింక కంటిలో రంగులు పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి కనుక, మనకు మంటలా కనిపించే నారింజ దానికి మసక రంగుగానే ఉంటుంది. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది, అందుకని జీన్స్ ప్యాంటు వేసుకుని వచ్చే కొత్తవాళ్లను చూస్తే నవ్వు వస్తుంది. అంటే ఈ కోటు జింక కోసం కాదు, ప్రతి చెట్టు వెనకా ఉండగల దశరథుల కోసం.

ఇక శబ్దవేధి విద్య అచ్చంగా బతికి ఉన్నది వసంతంలో జరిగే అడవి టర్కీ కోళ్ల వేటలో. అక్కడ వేటగాడు ఒళ్లంతా ఆకుల రంగు బట్టలు వేసుకుని, చెట్టుకు ఆనుకుని, పెట్ట కూతను అనుకరిస్తూ పుంజును పిలుస్తాడు. ఇంకొక వేటగాడు ఆ కూత విని, నిజమైన కోడి అనుకుని, పొదల మాటున మెల్లగా అటు వస్తాడు. ఇద్దరూ తమ తమ విద్యలో నిపుణులే, అదే ప్రమాదం. అందుకే కూత వినిపించిన వైపు నక్కి వెళ్లకూడదనీ, పుంజు తలలో ఉండే ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద ఎక్కడా, చివరికి చేతిరుమాలులో కూడా ఉండకూడదనీ శిక్షణలో గట్టిగా చెబుతారు. మొదటిసారి ఈ పాఠం విన్నప్పుడు తరగతిలో అందరూ రాసుకుంటున్నారు, నాకు మాత్రం సరయూ ఒడ్డున కుండ బుడబుడ వినిపించింది.

మన ఊళ్లలోనూ ఈ కథ నడుస్తూనే ఉన్నది, ఇంకా ఘోరంగా. అడవిపందుల కోసం రాత్రిపూట పొలం గట్ల మీద కరెంటు తీగలు పరిచేవారు ఉన్నారు. దశరథుడు కనీసం చప్పుడైనా విన్నాడు, ఆ తీగ అది కూడా వినదు. నీళ్లు పెట్టడానికి తెల్లవారక ముందే వెళ్లిన రైతు కాలికి అది తగులుతుంది, పులికీ తగులుతుంది. అది చట్టవిరుద్ధమన్న సంగతి అలా ఉంచి, దాన్ని వేట అనడానికే నాకు నోరు రాదు.

ఇప్పటిదాకా చెప్పినది మొదటి తప్పు, అదేమిటో తేల్చుకోకుండా గురిపెట్టడం. రెండో తప్పు తూటా ఎక్కడ ఆగుతుందో ఆలోచించకపోవడం. సినిమాల్లో తూటా తగిలిన ఒంట్లోనే ఆగిపోతుంది. నిజానికి జింకల వేటలో వాడే మామూలు రైఫిల్ తూటా, తగలకపోతే, నాలుగైదు కిలోమీటర్లు వెళ్లగలదు, పిల్లలు డబ్బాలు కొట్టే చిన్న తూటా కూడా రెండు కిలోమీటర్లు దాటగలదు. గట్టు నెత్తి మీద ఆకాశం ముందు నిలబడిన కొమ్ముల జింక ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను, కానీ దాని వెనక మట్టి లేదు, అవతలి లోయ ఉంది. కుర్రవాడికి జింక కనిపిస్తుంది, అనుభవం ఉన్నవాడికి జింక వెనక మట్టి ఉందో లేదో కనిపిస్తుంది. దశరథుడికి ఏనుగే అడ్డం వచ్చి ఉన్నా, దాని వెనక కుండతో ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న మిగిలే ఉండేది.

మూడోది, తగిలిన తరువాత ఆగలేకపోవడం. ఇది నాకు విల్లుతో వేటాడిన తొలి రోజుల్లో తెలిసింది. బాణం దెబ్బకు జింక ఉన్నచోట కూలిపోదు. బాణపు అలుగు రక్తనాళాలను, అవయవాలను కోస్తుంది, నెత్తురు పోవడం వల్ల ప్రాణం పోతుంది, దానికి సమయం పడుతుంది. జింక పరుగెత్తిన తరువాత బాణాన్ని వెతికి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎర్రగా, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, కనీసం అరగంట ఆగాలి. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు ఆగాలి. ఆకుపచ్చటి పసరుతో, కడుపులోని మేత వాసనతో ఉంటే పేగులకు తగిలినట్టు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. వెంటపడకపోతే ఆ జింక దగ్గరలోనే పడుకుంటుంది. వెంటపడితే లేచి, ఉన్న బలమంతా కూడదీసుకుని, నెత్తుటి జాడ కూడా మిగల్చకుండా పోతుంది. నాకు దొరికిన బాణం పసరుతో తడిసి ఉంది, నేను పది నిమిషాలు కూడా ఆగలేదు. రెండు రోజుల తరువాత కాకులు చూపించిన చోట నాకు మిగిలినవి ఎముకలు, కొంత చర్మం. ముందురోజు రాత్రే కొయోట్లు అనే ఇక్కడి నక్కలాంటి జంతువులు పని పూర్తి చేశాయి.

దశరథుడు వెంటనే పరుగెత్తాడు కదా అని మీరు అడగవచ్చు. ఆయనకు వినిపించింది మనిషి అరుపు. జింకకు తగిలితే ఆగాలి, మనిషికి తగిలితే పరుగెత్తాలి. ఇంకొక సూక్ష్మం కూడా ఉంది: ఆ అబ్బాయి నొప్పి భరించలేక బాణం తీయమంటాడు, తీస్తే ప్రాణం పోతుందని దశరథుడు తటపటాయిస్తాడు, చివరికి తీస్తాడు, అబ్బాయి వెంటనే చనిపోతాడు. గుచ్చుకున్న వస్తువును పీకకూడదు, కదలకుండా కట్టు కట్టి వైద్యం దగ్గరికి చేర్చాలి అని ఇప్పటి ప్రథమ చికిత్స చెప్పేది ఇదే. తరువాత ఆయన తప్పించుకుని పోలేదు, నీళ్ల కుండ తీసుకుని ముసలి తల్లిదండ్రుల దగ్గరికి స్వయంగా వెళ్లి చెప్పుకున్నాడు. నీవే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేదని ఆ తండ్రి అంటాడు. వేట ప్రమాదాన్ని తెలియజేయకుండా వెళ్లిపోవడం ఇక్కడ కూడా నేరమే.

సమయం మించిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. గాలివాటు చూసుకోండి: పక్కింటి ఇంగువ తిరగమోత మీకు తెలిసినట్టే మీ చెమట జింకకు తెలుస్తుంది. గుట్ట ప్రాంతంలో పొద్దున ఎండ తగిలాక గాలి పైకి పోతుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుంది. మంచె ఎక్కేవాళ్లు కింద పడకుండా కాపాడే బెల్టు నేల మీదే తగిలించుకుని ఎక్కండి, తుపాకీని ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కోండి. ఇక్కడ వేటగాళ్లు నడుములు విరగ్గొట్టుకునేది ఎక్కువగా ఆ నిచ్చెన మీదే. జింక పడిన తరువాత ఫొటోల కోసం గంట గడపకండి, పొట్ట శుభ్రం చేసి వెంటనే చల్లబరచకపోతే మాంసం పాడవుతుంది. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడిన, జింకలను చిక్కి శల్యం చేసి చంపే ఒక మెదడు రోగం ఇప్పటికీ ఉన్నది కనుక, మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల నమూనా పరీక్షకు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా పొట్లాల మీద తేదీ రాసి ఫ్రీజర్‌లోనే ఉంచండి, సంక్రాంతికి వచ్చే చుట్టాలు ఎంత అడిగినా సరే.