బరువు మోసే సైకిలుకు ఏ గేరు? విజయవాడ స్టూడియోలో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. పాలు, కూరగాయలు మోసే సైకిలుకూ, సామాను కట్టుకుని దూరం వెళ్లే సైకిలుకూ గేర్లు, విడిభాగాలు ఎలా ఎంచుకోవాలన్నది ఈనాటి చర్చ. వన్‌టౌన్‌లో చాలాకాలంగా సైకిళ్లు బాగుచేస్తున్న మేస్త్రి గారు, శ్రీశైలం దాకా సైకిలుపై వెళ్లివచ్చిన అధ్యాపకురాలు మనతో ఉన్నారు. మేడం, కొనేవారు మొదట ఏం చూడాలంటారు?

అధ్యాపకురాలు: ఆ సైకిలుకున్న గేర్లన్నిటిలోకీ తేలికైనది ఎంత తేలికో చూడాలండీ. దుకాణంలో 21 గేర్లని చెబుతారు. ముందు 3, వెనుక 7 పళ్లచక్రాలు ఉంటాయి కనుక ఆ సంఖ్య వస్తుంది కానీ, వాటిలో చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉంటాయి. అందువల్ల పళ్లు ఎన్నో అడగాలి. ముందున్న చైన్‌వీలు పళ్లను వెనుక చక్రపు పళ్లతో భాగించి, వచ్చినదాన్ని టైరు చుట్టుకొలతతో గుణిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి సైకిలు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

మేస్త్రి: మన పాత నల్ల సైకిలుకు ఆ లెక్క కట్టి చూద్దాం. ముందు 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు, టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు అనుకుంటే, ఒక్క తొక్కుడు చుట్టుకు 5.4 మీటర్లు పోతుంది. వెనుక బరువు కట్టి ఫ్లైఓవర్ ఎక్కేవాడికి అది చాలా ఎక్కువ. అదే సైకిలుకు 22 పళ్ల ఫ్రీవీలు బిగిస్తే 4.4 మీటర్లకు దిగుతుంది, పెడలు మీద వేయాల్సిన బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కినా గంటకు 16 కిలోమీటర్లకు దగ్గరగా వెళ్తాడు. బజారులో అంతకంటే వేగం ఎవరికి కావాలండీ?

సమన్వయకర్త: కొండపల్లి నుంచి ఒక ప్రేక్షకుడు ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి.

ప్రేక్షకుడు: అయ్యా, నేను రోజూ రెండు క్యాన్లలో 40 లీటర్ల పాలు వేస్తాను. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. గేర్ల సైకిలు కొనమని మా అబ్బాయి అంటున్నాడు.

మేస్త్రి: బాబాయ్ గారూ, మీ దారి చాలావరకు చదునైనదే కనుక కొత్త సైకిలు కొనకముందు ఆ ఫ్రీవీలు మార్పించి చూడండి. చైన్‌కు ఒక జత లింకులు కలపవలసి రావచ్చు. ఇంకొక మాట. పాత నల్ల సైకిలు వెనుక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి. గేర్ల సైకిళ్లలో చాలావాటికి అన్ని ఉండవు. మీ బరువంతా పడేది వెనుక చక్రం మీదే. ఆ బలాన్ని వదులుకుని గేర్లు కొనుక్కోవడం నాకు నచ్చదు.

అధ్యాపకురాలు: మేస్త్రి గారి మాట ఊరి వరకు నిజమే. అయితే మూడు గేర్లు హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, లోపలే ఉండే చక్రం అలాంటివారికి ఇంకా మేలని నా అభిప్రాయం. స్టర్మీ ఆర్చర్ వారి మూడు గేర్ల హబ్బులో ఒక చుట్టుకు పోయే దూరం మధ్య గేరుతో పోలిస్తే కింది గేరులో 75 శాతం, పై గేరులో 133 శాతం ఉంటుంది. కాలువ గట్టు దుమ్ము, బురద దాని లోపలికి అంతగా చేరవు. పైగా ఆగి నిలబడి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. సిగ్నల్ దగ్గర బరువుతో ఆగేవారికి అది పెద్ద సాయం.

మేస్త్రి: దాని మంచితనాన్ని నేను కాదనను. కానీ లోపలి పళ్లు అరిగిన రోజున ఆ భాగం ఏ మండల కేంద్రంలో దొరుకుతుంది? ఫ్రీవీలు అయితే ఏ దుకాణంలోనైనా ఉంటుంది.

సమన్వయకర్త: ఇక దూరప్రయాణానికి వద్దాం. ఘాట్ రోడ్డు మీద లెక్క ఎలా మారుతుంది?

అధ్యాపకురాలు: నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా వెళ్లేవారు దోర్నాల దాటాక నల్లమల ఎక్కాలి. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు, రోడ్డు ప్రతి 100 మీటర్లకు 7 మీటర్లు లేస్తోంది అనుకుందాం. రేసు తరహా సైకిలులో ముందు 34, వెనుక 28 పళ్లతో ఒక చుట్టుకు 2.6 మీటర్లు పోతాము. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే సుమారు 200 వాట్ల శక్తి కావాలి, మామూలు మనిషి గంటల తరబడి అంత పెట్టలేడు. తిప్పడం తగ్గిస్తే భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. అదే ముందు 22, వెనుక 34 పళ్లు ఉంటే ఒక చుట్టుకు 1.4 మీటర్లు, గంటకు 5 కిలోమీటర్ల వేగం, 110 వాట్ల శక్తి. నడక వేగమే అయినా కాళ్లు తేలికగా తిరుగుతూ ఉంటాయి, మరునాడు మళ్లీ తొక్కగలుగుతాము. చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే డిరేలర్‌ను టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో 1937 వరకు అనుమతించలేదు. అంతకు చాలా ముందే దాన్ని కొండదారుల్లో వాడి చూపినవారు ఫ్రాన్సులోని యాత్రికులే. అలాంటి సదుపాయాన్ని ఇప్పుడు పందెం సైకిలు పళ్ల లెక్కతో కొనుక్కుని యాత్రకు బయలుదేరడం నాకు బాధగా ఉంటుంది.

సమన్వయకర్త: మేస్త్రి గారూ, వెనుక చక్రంలో ఫ్రీవీలు మంచిదా, పళ్లచక్రాలను హబ్బు మీదికి తొడిగే క్యాసెట్టు మంచిదా?

మేస్త్రి: ఒక్క పళ్లచక్రం ఉన్నప్పుడు ఫ్రీవీలుతో ఇబ్బంది లేదు. ఏడు పళ్లచక్రాల ఫ్రీవీలును మర తిప్పినట్టు హబ్బుకు బిగిస్తే, కుడివైపు గోళీలు ఆ ఫ్రీవీలుకు లోపలి పక్కన ఉండిపోతాయి, అక్కడి నుంచి చివర దాకా ఇరుసుకు ఏ ఆధారమూ ఉండదు. బరువుతో గుంటలో పడితే ఇరుసు వంగేది, విరిగేది ఆ చోటే. క్యాసెట్టు హబ్బులో గోళీలను కుడి చివరకు జరిపారు కనుక ఇరుసు నిలుస్తుంది. సామానుతో వెళ్లేవారు రంగు, స్టిక్కర్లు మానుకుని అయినా ఆ డబ్బు ఇక్కడ పెట్టాలి. వెనుక 7, 8 పళ్లచక్రాలుండే సైకిలు చైను కొంచెం వెడల్పుగా ఉంటుంది, చౌకగా దొరుకుతుంది. 11, 12 పళ్లచక్రాలకు వాడే చైను మధ్యదారిలో తెగితే అలాంటిది అక్కడ దొరక్కపోవచ్చు.

అధ్యాపకురాలు: టైరు విషయం కూడా చెప్పాలి. గుంటూరు జిల్లా నల్లరేగడిలో వాన పడిన రోజున మడ్‌గార్డుకు, టైరుకు మధ్య వేలెడు ఖాళీ లేకపోతే మట్టి కూరుకుని చక్రమే తిరగదు. 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైరు, దాని మీద ఆ ఖాళీ పట్టే ఫ్రేము చూసుకోవాలి. ట్యూబుకు స్కూటర్ వాల్వ్ ఉంటే ఏ పెట్రోలు బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

సమన్వయకర్త: బ్రేకుల మాట?

మేస్త్రి: ఇనుప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు, అల్యూమినియం రిమ్ము దానికంటే చాలా నయం. బరువు మోసేవారు ఆ మార్పు చేయించుకోవాలి.

సమన్వయకర్త: శ్రీశైలం బయలుదేరేవారు వెంట ఏం పెట్టుకోవాలి?

మేస్త్రి: స్పోకులు. గేర్ల సైకిలు వెనుక చక్రంలో కుడివైపు స్పోకుల పొడవు వేరు, ఎడమవైపు వేరు. ముందుచక్రానివి మళ్లీ వేరు కావచ్చు. ముందే కొలిపించి ప్రతి రకానికీ రెండేసి ఫ్రేముకు కట్టుకోండి. సాధారణంగా తెగేది కుడివైపు స్పోకే. పళ్లచక్రాలు విప్పనిదే కొత్తది ఎక్కదు. కనుక మీ హబ్బుకు సరిపడే విప్పే పనిముట్టు కూడా సంచిలో ఉండాలి, ఎందుకంటే పంక్చరు వేసే ప్రతి దుకాణంలోనూ అది ఉండదు.